వేలంపాట గెలిచాక డబ్బు ఏ దారిన పంపాలి?

ప్రశ్న: ఆన్‌లైన్ వేలంలో ఒక పాత ఫిల్మ్ కెమెరా కోసం పాడాను, నాకే దక్కింది. రెండు గంటలు తిరక్కుండా అమ్మకందారు మెసేజ్ పెట్టాడు. సైటులో కడితే తనకు కమిషన్ పోతుందట. ఆన్‌లైన్‌లో డబ్బు పంపుకునే పేపాల్‌లో ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ కింద గానీ, నేరుగా బ్యాంకు ఖాతాకు గానీ పంపితే పది శాతం తగ్గిస్తానంటున్నాడు. అతనికి 300కు పైగా మంచి రేటింగులున్నాయి, మాట్లాడే తీరు కూడా మర్యాదగా ఉంది. నమ్మొచ్చా మేడమ్?

జవాబు: పంపకండి. సైటులోనే, క్రెడిట్ కార్డుతో కట్టండి. అందుకు అతను ఒప్పుకోకపోతే ఎంత ముచ్చటపడ్డ కెమెరా అయినా వదిలేయండి.

మర్యాద సంగతి ముందు చెబుతాను. బ్యాంకులో కార్డు ఫిర్యాదుల విభాగంలో పదకొండేళ్ళు పనిచేశాను. మోసపోయినవాళ్ళు ప్రింటు తీసి తెచ్చిన మెసేజులు కట్టలు కట్టలుగా చదివాను. వాటిలో కటువుగా రాసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ‘మీ ఇంట్లో అందరూ బాగున్నారా’ అని అడిగినవే ఎక్కువ. అందుకే అమ్మేవాడి మాట తీరును నేను లెక్కలోకి తీసుకోను. చూసేది ఒకటే: డబ్బు నా చెయ్యి దాటాక, అవసరమైతే దాన్ని వెనక్కి రప్పించే అధికారం ఎవరికైనా ఉందా, లేదా?

నేరుగా ఖాతాకు పంపిన డబ్బు మీద ఆ అధికారం దాదాపు ఎవరికీ ఉండదు. పంపింది మీరే, మీ ఇష్టంతోనే, కాబట్టి మీ బ్యాంకు దృష్టిలో అందులో పొరపాటేమీ లేదు. అవతలి బ్యాంకును బతిమాలి ఖాతాలో మిగిలినదాన్ని ఆపించడమొక్కటే దారి. ఒకావిడ డబ్బు పంపిన నలభై నిమిషాలకే అనుమానం వచ్చి మాకు ఫోన్ చేసింది. వెంటనే అవతలి బ్యాంకును కదిలించాం. అప్పటికే ఆ డబ్బు నాలుగు ముక్కలై నాలుగు ఖాతాలకు వెళ్ళిపోయింది. ‘ఖాతా ఉందంటే పేరు, చిరునామా ఉంటాయి కదా, పట్టుకోలేరా?’ అని ఆవిడ అడిగిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. పేరు ఉంది, చిరునామా ఉంది. కానీ ఆ ఖాతా మోసగాడిది కాదు. కమిషన్‌కు ఆశపడి తన ఖాతాను వాడుకోనిచ్చిన ఎవరో కుర్రాడిది.

ఇక ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’. ఆ బటన్ నొక్కారంటే ఇది కొనుగోలు కాదు, నా వాళ్ళకు పంపుకుంటున్న డబ్బు అని మీరే ఒప్పుకున్నట్టు. పేపాల్ కొనుగోలుదారు రక్షణ సరుకులు, సేవల కింద కట్టిన డబ్బుకే వర్తిస్తుంది. అలా కడితే, వస్తువు రాకపోయినా, చెప్పినదానికి పూర్తిగా భిన్నంగా వచ్చినా, డబ్బు కట్టిన రోజు నుంచి 180 రోజుల లోపు ఫిర్యాదు చేయొచ్చు. దగ్గరివాళ్ళకు పంపినట్టు కడితే ఆ తలుపే ఉండదు. మీకు ఇస్తానంటున్న పది శాతం తగ్గింపు అక్కడి నుంచే వస్తోంది. మీ రక్షణను మీ చేతే తీయించడానికి అతను చెబుతున్న ధర అది.

సైటు దాటి బయట కట్టడంలో రెండో నష్టం, సైటు ఇచ్చే హామీ కూడా పోతుంది. ఉదాహరణకు ఈబేలో, వస్తువు అందిన రోజు నుంచి, అందకపోతే అందాల్సిన చివరి తేదీ నుంచి, 30 రోజుల లోపు డబ్బు వాపసు కోరవచ్చు. కానీ చెల్లింపు అక్కడే జరిగి ఉండాలి. 1995లో పియెర్ ఒమిడ్యార్ ఆక్షన్‌వెబ్ పేరుతో ఆ సైటు మొదలుపెట్టిన కొత్తలో ఇవేవీ లేవు. పాట దక్కినవాళ్ళు చెక్కో మనీ ఆర్డరో కవర్లో పెట్టి పోస్టు చేసి, ఎదురుచూస్తూ కూర్చునేవారు. 2002లో ఈబే పేపాల్‌ను కొనేసింది. అపరిచితులు ఒకరికొకరు డబ్బు పంపుకోవాలంటే మధ్యన జవాబు చెప్పే మనిషి కావాలని ఏళ్ళ తరబడి నష్టపోయి నేర్చుకున్నారు. ఆ మధ్యవాడిని మీ అంతట మీరు తప్పించకండి.

క్రెడిట్ కార్డే ఎందుకన్నానంటే, గొడవ తేలేదాకా ఇరుక్కునేది బ్యాంకు డబ్బు. డెబిట్ కార్డుకూ ఛార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకునే వీలు, ఉంటుంది, కాదనను. కానీ అక్కడ మీ ఖాతాలోంచి డబ్బు వెళ్ళిపోయి ఉంటుంది, అది తిరిగొచ్చేదాకా ఇంటి ఖర్చులు మీరే చూసుకోవాలి. వీసా, మాస్టర్‌కార్డుల్లో ఇలాంటి ఫిర్యాదులకు గడువు మామూలుగా 120 రోజులు. కొన్ని బ్యాంకులు ఇంకా ముందే రమ్మంటాయి కాబట్టి వస్తువు రాలేదని తెలిసిన రోజే కదలండి. ముందు సైటులో కేసు పెట్టండి, అది తేలాకే బ్యాంకు దగ్గరికి వెళ్ళండి. రెండూ ఒకేసారి నడిపితే సైటు తన కేసు మూసేస్తుంది. ఈ తొందరలో గెలవాల్సిన కేసులు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను.

నా సొంత అనుభవం ఒకటి. ఒక పాత ఫౌంటెన్ పెన్ను వేలంలో దక్కించుకున్నాను. మెత్తటి కవరొకటి వచ్చింది. టిష్యూ కాగితం చుట్టలో ప్లాస్టిక్ బాల్ పెన్ను. అమ్మకందారు ‘సరైనదే పంపాను, ట్రాకింగ్‌లో అందినట్టు ఉంది చూడండి’ అన్నాడు. నన్ను కాపాడింది కవరు మీది చీటీ. దాని మీద తూకం 18 గ్రాములని అచ్చయి ఉంది. అతను పెట్టిన ప్రకటనలోనేమో ఒక్క పెన్ను బరువే 31 గ్రాములు. ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి సైటుకు పంపితే నాలుగో రోజు డబ్బు వచ్చేసింది. అదే డబ్బు ఖాతాకు పంపి ఉంటే ఆ ఫోటోలు చూసేవాళ్ళెవరు? అందుకని పార్సిల్ విప్పేటప్పుడు చీటీ చించేయకండి. చీటీ కనిపించేలా, సీలు తీయడం దగ్గర్నుంచి వీడియో తీయండి.

మూడువందల రేటింగుల మాటకొస్తే, అవి దేనికి వచ్చాయో తెరిచి చూడండి. ఫోన్ కవర్లు, స్టిక్కర్లు అమ్మి సంపాదించినవైతే కెమెరా విషయంలో అవి మీకేమీ చెప్పవు. ఏడాదో రెండేళ్ళో నిశ్శబ్దంగా ఉండి ఇప్పుడు ఒక్కసారిగా ఖరీదైన వస్తువులు పెడుతున్న ఖాతా అయితే, పాత యజమాని నుంచి ఎవరో దొంగిలించి ఉండొచ్చు.

ప్రశ్న: నాకు దక్కని వస్తువుకు మూడు రోజుల తర్వాత ఈమెయిల్ వచ్చింది. గెలిచినవాళ్ళు వెనక్కి తగ్గారట, నేను పాడిన ధరకే ఇస్తారట, డబ్బు బదిలీ చేసే సంస్థ వెస్టర్న్ యూనియన్‌లో పంపాలట. నిజమేనా?

జవాబు: రెండో అవకాశం ఇవ్వడం అనేది సైట్లలో నిజంగానే ఉంది. కానీ అది మీ ఖాతాలోకి లాగిన్ అయితే అక్కడి సందేశాల్లో కనిపించాలి. ఈమెయిల్లోని లింకు నొక్కకుండా సైటు తెరిచి చూడండి. అక్కడ లేకపోతే అది అబద్ధం. లాగిన్ కూడా అక్కర్లేదు, డబ్బు పంపమన్న పద్ధతే చెబుతోంది. అవతలివాళ్ళు నగదు తీసుకుని వెళ్ళిపోయాక ఆ డబ్బు ఎవరి చేతికీ చిక్కదు. ఇలాంటి మోసాలను అరికట్టలేకపోయినందుకు 2017 జనవరిలో అదే వెస్టర్న్ యూనియన్ అమెరికా ప్రభుత్వానికి 58.6 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. గిఫ్ట్ కార్డు నంబరు పంపమన్నా, క్రిప్టో అడిగినా ఇదే జవాబు.

ప్రశ్న: పాత మోటార్ సైకిల్ ఒకటి పాడుకున్నాను. అమ్మేవారు ఎస్క్రో ద్వారా చేద్దామని లింకు పంపారు. ఎస్క్రో మంచిదేనని విన్నాను. కట్టేయనా?

జవాబు: ఎస్క్రో మంచిదే. మీ డబ్బు మధ్యవర్తి దగ్గర ఉంటుంది, బండి మీకు అంది, చూసుకుని సరే అన్నాకే అమ్మకందారుకు వెళుతుంది. పైగా పేపాల్ రక్షణ వాహనాలకు వర్తించదు కాబట్టి మీకు ఎస్క్రో అవసరం కూడా. తేడా అంతా ఆ లింకు దగ్గర ఉంది. మోసగాళ్ళు అచ్చం అసలుదానిలా కనిపించే ఎస్క్రో సైట్లు తయారుచేసి పెట్టుకుంటారు. పేరులో ఒక్క అక్షరం మారుతుంది, అంతే. అతను పంపిన లింకు వద్దు. 1999 నుంచి నడుస్తున్న ఎస్క్రో డాట్ కామ్ లాంటిదాన్ని మీరు ఎంచుకుని, చిరునామా మీరే టైపు చేసి తెరిచి, అక్కడికి అతన్ని రమ్మనండి. నిజమైన అమ్మకందారైతే ఒక పూట ఆలస్యానికి నొచ్చుకోడు. బండి దగ్గర్లోనే ఉంటే ఇవన్నీ వద్దు, బండి తెలిసినవాళ్ళను ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళి, బండి చూసి అక్కడే కట్టండి. దూరమైతే మాత్రం, బండి ఇంటికి వచ్చాక ఇంజన్ నంబరు, ఛాసీ నంబరు రెండూ కాగితాలతో పోల్చి చూసేదాకా డబ్బు విడుదల చేయకండి. ఆలోపు అతను ఎన్నిసార్లు ఫోన్ చేసినా సరే.