కాక్‌టెయిల్‌కి తెలుగు మాట ఎందుకు, కలపడం ఉండగా

విశాఖలో కొత్తగా పెడుతున్న రెస్టారెంటుకి తెలుగు మెనూ వేయిస్తున్నామనీ, కాక్‌టెయిల్‌ని తెలుగులో ఏమంటారో, మామూలు వాడుకలో ఇంకేం పేర్లున్నాయో చెప్పమనీ అడిగారు. నిఘంటువు చూసి 'మిశ్రమ పానీయం' అని వేయించేస్తారేమో అన్న భయంతోనే ఇది రాస్తున్నాను. దయచేసి ఆ పని చేయకండి. బీచ్ రోడ్డులో ఒక హోటల్ బార్‌లో నేను మూడేళ్లు స్టీవార్డ్‌గా చేశాను. ఆ మూడేళ్లలో ఆ మాట అన్నవాడు ఒక్కడే, అది నేనే. దాని సంగతి తర్వాత చెప్తాను.

అసలు మన దగ్గర ఆ వస్తువుకి పేరు లేదు, పనికి ఉంది. కలపడం. "కలపరా", "నాకు తక్కువ కలుపు", "వాడు కలిపితే గొంతు దిగదు" అంటాం. కలిపాక గ్లాసులో ఉన్నదాన్ని ఏమంటారంటే మళ్లీ మందే. మిక్సింగ్ అన్న మాట ఉంది గానీ అది తాగేదాని పేరు కాదు, అందులో పోసేదాని పేరు. "మిక్సింగ్‌కి ఏం తెచ్చావ్?" అంటే సోడానా, నీళ్లా, థమ్సప్పా అని. స్టఫ్ అంటే పల్లీలు, ఉడకబెట్టిన గుడ్లు. ఇంగ్లీషు మాటలే, కానీ ఇంగ్లీషువాడు వింటే ఒక్కటీ అర్థం కాదు.

మరి కాక్‌టెయిల్ అనరా అంటే, అంటారు, కానీ అది దాదాపు తిట్టు. ముందు బీరు తాగి, దాని మీద విస్కీ వేసి, చివర్లో ఎవడో ఇచ్చిన బ్రాందీ కూడా వదలకుండా తాగినవాడు రోడ్డు పక్కన వాంతి చేసుకుంటుంటే పక్కవాడు వీపు రాస్తూ "కాక్‌టెయిల్ చేసేశాడండీ" అంటాడు చూడండి, అదీ మన కాక్‌టెయిల్. ఒకసారి గాజువాక నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్లకి మెనూ ఇస్తే, ఆ పేజీ చూడగానే "కాక్‌టెయిల్ వద్దు బ్రో, పొద్దున్నే షిఫ్ట్ ఉంది" అని తిప్పేసి, శుభ్రంగా ఫుల్ బాటిల్ ఆర్డరిచ్చారు. ఇక పెళ్లిళ్ల ముందురోజు జరిగే కాక్‌టెయిల్ పార్టీలో కాక్‌టెయిల్ నేనెన్నడూ చూడలేదు, విస్కీ, సోడా, చిల్లీ చికెన్ తప్ప. మందు లేకుండా చేసే మాక్‌టెయిల్ అయితే మరీ అన్యాయం. నీలం రంగు సిరప్‌లో సోడా పోసి, పుదీనా ఆకు ఒకటి పడేసి నూట ఎనభై వసూలు చేస్తారు. అంతకంటే నిమ్మసోడా నయం.

సరే, నా సంగతి. ఉద్యోగంలో చేరిన మొదటి నెల. అమెరికా నుంచి వచ్చిన కొడుకు వాళ్ల నాన్నని తీసుకొచ్చాడు. ఆయన తాగరు. ఎస్.కోట వైపు మనిషి, ప్రభుత్వాసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. కౌంటర్ దగ్గరే ఎత్తు కుర్చీల్లో కూర్చున్నారు. కొడుకు ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే కాక్‌టెయిల్ అడిగాడు. "ఏటి బావూ అది?" అని ఆయన నన్నడిగారు. ట్రైనింగ్‌లో పెద్దవాళ్లతో మంచి తెలుగు మాట్లాడమన్నారు కదా అని, "మిశ్రమ పానీయం అండి" అన్నాను. ఆయన నా వంక ఓ నిమిషం చూసి, "అంటే మిక్చరా?" అన్నారు.

ఈ మాటకి పాత అర్థం ఇప్పటి పిల్లలకి తెలియదు. అప్పట్లో సర్కారు ఆసుపత్రికి వెళ్తే మన సీసా మనమే పట్టుకెళ్లాలి. కాంపౌండరు పెద్ద జాడీలోంచి గులాబీ రంగు మందు పోసి, సీసాకి నిలువుగా ఓ కాగితం ముక్క అంటించేవాడు. దానికి పక్కన గాట్లు ఉండేవి, ఒక్కో గాటు ఒక్కో డోసు. అదీ మిక్చర్.

ఇంతలో మా బార్‌టెండర్ అన్న చిన్న సీసా తీసి గ్లాసులో రెండు మూడు చుక్కలు కొట్టాడు. అంగొస్తురా బిట్టర్స్, చుక్కలుగా వేసే చేదు అర్కం. సీసా కన్నా దాని లేబుల్ పెద్దది, మెడ దాకా పైకి వచ్చేస్తుంది, చూసినవాళ్లు మరిచిపోరు. పెద్దాయన అది అడిగి తీసుకుని, కళ్లజోడు పైకి నెట్టి లేబుల్ చదివారు, మూత దగ్గర వాసన చూశారు. "జెన్షను, చేదు వేరు. ఇది మా దగ్గరుండేది, ఆకలి పుట్టడానికి ఇచ్చేవోళ్లం" అన్నారు. అన్న నవ్వి, అది నిజంగానే మందని చెప్పాడు. 1824లో వెనిజులాలో ఒక జర్మన్ సైనిక వైద్యుడు కడుపు బాధలకి తయారుచేశాడట. కాక్‌టెయిల్ అంటే ఏమిటో మొదటిసారి అచ్చులో వివరించింది 1806లో, అమెరికాలో హడ్సన్ అనే ఊరి పత్రిక. మద్యం, చక్కెర, నీళ్లు, బిట్టర్స్, అంతే. అంటే చేదు మందు పడితేనే ఆ పేరు. పెద్దాయన అక్కడితో ఆగలేదు. పెగ్గు కొలిచే స్టీలు గిన్నె పట్టుకుని, "ముప్పై ఎమ్మెల్లా? మా ఔన్సు గ్లాసే ఇది" అన్నారు. పక్క టేబుల్‌కి ఇంకేదో షేకర్‌లో వేసి అన్న గలగలా ఊపుతుంటే, చేయి చూపిస్తూ గట్టిగా "వాడేముందు బాగా కుదుపవలెను!" అన్నారు. కౌంటర్ అంతా నవ్వు. కొడుకు మాత్రం "నాన్నా, మెల్లగా" అని తల దించుకున్నాడు. ఎందుకు సిగ్గుపడ్డాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు, ఆ రాత్రి ఆ బార్‌లో విషయం తెలిసినవాళ్లు ఇద్దరే, వాళ్ల నాన్న, మా అన్న.

అప్పటి నుంచి నా లెక్కలో దీనికి తెలుగు మాట మందే. మనవాళ్లు తెలియక పెట్టినా తగిన పేరే పెట్టారు. పంచ్ అనే డ్రింకు పేరు కూడా మన 'పంచ' నుంచే వెళ్లిందంటారు, అందులో అయిదు సరుకులని. మనది వాళ్లు తీసుకున్నప్పుడు అనువాదం చేసుకోలేదుగా, వాళ్లది మనకెందుకు చేసుకోవాలి?

మెనూలో మిక్చర్ అని మాత్రం వేయించకండి. ఆర్కే బీచ్‌లో మిక్చర్ అంటే మురీ మిక్చరే, ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం వేసి కలిపిన మరమరాల పొట్లం. వేడిగా పల్లీలు ఎక్కువ వేయమని గొడవకొస్తారు. కాక్‌టెయిల్ అన్న మాటనే తెలుగు అక్షరాల్లో వేయించి, ఒక్కోదాని కింద అందులో ఏమేం కలుపుతారో, మందు ఎన్ని ఎమ్మెల్లో రాయండి. ఐసు ఎంత వేస్తారో కూడా రాస్తే ఇంకా పుణ్యం.