టెక్ సందేహాలు: మెయిన్‌ఫ్రేమ్‌లో కొత్త లినక్స్, పాత కాన్ఫిగరేషన్

ప్రశ్న: జెడ్/వీఎం (మెయిన్‌ఫ్రేమ్‌లో వర్చువల్ యంత్రాలను నడిపే వ్యవస్థ) కింద నడిచే రెడ్ హ్యాట్ లినక్స్ 7 గెస్ట్ (వర్చువల్ యంత్రం) స్థానంలో 8ని కొత్తగా ఇన్‌స్టాల్ చేశాం. నెట్‌వర్క్ సెట్టింగులుండే పాత ఐఎఫ్‌సీఎఫ్‌జీ ఫైలును అలాగే తెచ్చి పెడితే నెట్‌వర్క్ లేవడం లేదు. కార్డు నంబర్లు మారలేదు. తప్పెక్కడ?

జవాబు: నంబర్లు మారలేదు, ఇంటర్‌ఫేస్ పేరు మారింది. 7లో ఎన్‌సీసీడబ్ల్యూ0.0.0600 అని కనిపించినదే 8లో ఎన్‌సీ600 అవుతుంది. ముందుండే సున్నాలు, చుక్కలు పోతాయి. ఫైలు పేరులోనూ, లోపల డివైస్ వరుసలోనూ కొత్త పేరు రాయండి. ఫైర్‌వాల్ జోన్లు, బ్యాకప్ స్క్రిప్టుల్లో పాత పేరు మిగిలిందేమో గ్రెప్ (ఫైళ్లలో పదాలు వెతికే ఆదేశం) చేసి చూడండి. సాధారణంగా అక్కడే దొరుకుతుంది.

అదే ఫైలులోని సబ్‌చానెల్స్ (కార్డు పరికర నంబర్లు) వరుసలో రీడ్, రైట్, డేటా మూడూ ఉండాలి: 0.0.0600, 0.0.0601, 0.0.0602. లేయర్2 విలువ వీస్విచ్ (జెడ్/వీఎంలోని వర్చువల్ నెట్‌వర్క్ స్విచ్) రకంతో సరిపోవాలి. ఈథర్నెట్ రకానికి 1, ఐపీ రకానికి 0. పోర్ట్‌నేమ్ వరుస ఉంటే తీసేయండి.

ఇంకో మాట. 9లో ఈ ఫైళ్లు ఇంకా చెల్లుతాయి గానీ 10లో ఆ సదుపాయమే లేదు. 9లో ఉండగానే ఎన్‌ఎంసీఎల్‌ఐ కనెక్షన్ మైగ్రేట్ ఆదేశంతో కీఫైల్‌గా (నెట్‌వర్క్ మేనేజర్ సొంత తరహా సెట్టింగుల ఫైలు) మార్చుకోండి. చేత్తో రాస్తే ఓనర్ రూట్, పర్మిషన్ 600 ఉండాలి. లేకపోతే నెట్‌వర్క్ మేనేజర్ ఆ ఫైలును పట్టించుకోదు.

ప్రశ్న: 8కి వచ్చాక రూట్ వాల్యూమ్ గ్రూప్ (డిస్కులను కలిపి వాడే సమూహం) నిండిపోతే కొత్త డాస్డీ (మెయిన్‌ఫ్రేమ్ డిస్కు) 0.0.0205 జత చేసి పెంచాం. అంతా బాగానే పనిచేసింది. రీబూట్ చేస్తే ఎమర్జెన్సీ షెల్‌లో ఆగిపోయింది. బూట్ సెట్టింగుల ఫైలు జిప్‌ల్.కాన్ఫ్‌లో పారామీటర్ పెట్టినా ఫలితం లేదు.

జవాబు: ఇందులో రెండు పొరపాట్లు కలిసిపోయాయి.

మొదటిది, సీహెచ్‌సీసీడబ్ల్యూడెవ్ ఆదేశంతో డిస్కును ఆన్‌లైన్ చేస్తే అది ఆ బూట్ వరకే. మెయిన్‌ఫ్రేమ్‌లో డిస్కు దానంతటదే ఆన్‌లైన్‌కు రాదు, ఫలానా నంబరు కావాలని ముందే రాసిపెట్టాలి. ఎక్కడ రాయాలన్నది డిస్కు దేనికన్నదాన్ని బట్టి ఉంటుంది. మామూలు డేటా డిస్కయితే ఈటీసీలోని డాస్డీ.కాన్ఫ్‌లో ఒక వరుస చాలు. రూట్ ఫైల్ సిస్టమ్ ఆ డిస్కు మీద ఏ కాస్త ఉన్నా, ఆ ఫైలును చదివే దశకు చేరకముందే డిస్కు కావాలి. అందుకే కెర్నల్ పారామీటర్లలో ఆర్‌డీ.డాస్డీ=0.0.0205 చేర్చాలి. మీ వాల్యూమ్ గ్రూప్‌లో రూట్ ఉంది, కాబట్టి మీది రెండో రకం. ఎఫ్‌సీపీ (ఫైబర్ చానెల్ ద్వారా కలిసే) డిస్కయితే ఆర్‌డీ.జెడ్‌ఎఫ్‌సీపీలో అడాప్టర్, డబ్ల్యూడబ్ల్యూపీఎన్ (స్టోరేజీ పోర్టు చిరునామా), లన్ (అందులోని డిస్కు నంబరు) మూడూ రాయాలి. దారికొకటి చొప్పున. ఒక దారి మరిస్తే మల్టీపాత్ (ఒకే డిస్కుకు పలు దారులు వాడే ఏర్పాటు) ఒంటికాలి మీద లేస్తుంది, ఆ కాలు విరిగేదాకా ఎవరికీ తెలియదు.

రెండోది, 7లో ఈ పారామీటర్లు జిప్‌ల్.కాన్ఫ్‌లోనే ఉండేవి. 8లో అవి బూట్‌లోని లోడర్/ఎంట్రీస్ ఫోల్డర్‌కు మారాయి. అక్కడ కెర్నల్‌కొక ఫైలు, అందులో ఆప్షన్స్ వరుస. బూట్ ఎంట్రీలను మార్చే గ్రబ్బీ ఆదేశంతో అప్‌డేట్-కెర్నల్=ఆల్ అని ఇచ్చి ఆర్గ్స్‌లో మీ పారామీటర్ పెడితే అన్ని ఎంట్రీల్లోనూ చేరుతుంది.

ఆ తర్వాత బూట్ లోడర్‌ను సిద్ధం చేసే జిప్‌ల్ ఆదేశాన్ని నడపాలి. ఇది మరిచిపోవడమే ఎక్కువ. బూట్ సమయంలో ఫైల్ సిస్టమ్‌ను చదివేవాడు ఎవరూ లేరు. కెర్నల్, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో వాడే తాత్కాలిక ఫైల్ సిస్టమ్), పారామీటర్లు డిస్కులో ఏ బ్లాకుల్లో ఉన్నాయో జిప్‌ల్ రాసిపెట్టిన జాబితాను చూసే ఐపీఎల్ (మెయిన్‌ఫ్రేమ్ భాషలో బూట్) జరుగుతుంది. ఫైలు మార్చి జిప్‌ల్ నడపకపోతే పాత బ్లాకులే లోడవుతాయి. రీబూట్ తర్వాత ప్రాక్/సీఎండీలైన్ తెరిస్తే మీ మార్పు చేరిందో లేదో తేలిపోతుంది.

ప్రస్తుతం ఎమర్జెన్సీ షెల్ నుంచి బయటపడాలంటే: సీఐఓ_ఇగ్నోర్ -ఆర్ 0.0.0205తో డిస్కును నిషేధ జాబితా (కెర్నల్ పట్టించుకోని పరికరాల జాబితా) నుంచి తప్పించండి, సీహెచ్‌సీసీడబ్ల్యూడెవ్ -ఈ 0.0.0205తో ఆన్‌లైన్ చేయండి, ఎల్‌వీఎం వీజీచేంజ్ -ఏవై ఇచ్చి ఎగ్జిట్ అనండి. బూట్ పూర్తయ్యాక పైన చెప్పిన శాశ్వత మార్పు చేయండి. పరికరాల జాబితా చూపే ఎల్‌ఎస్‌సీఎస్‌ఎస్‌లో డిస్కు అసలు కనిపించకపోతే అది ఆ నిషేధ జాబితాలోనే ఉండి ఉంటుంది, లేదా జెడ్/వీఎం వైపు గెస్ట్‌కు అటాచ్ కాలేదు. పారామీటర్లు మరీ పెంచుకుంటూ పోకండి. పాత కెర్నళ్లలో వరుస మొత్తం 896 బైట్లకు మించకూడదు, ఎఫ్‌సీపీ దారులు ఎక్కువైతే అది ఇట్టే నిండుతుంది.

ప్రశ్న: సుసే లినక్స్ 11 నుంచి 12కి వెళ్లాక కూడా జిప్‌ల్.కాన్ఫ్‌నే మార్చాలా?

జవాబు: లేదు. 12 నుంచి అక్కడ గ్రబ్2 అనే బూట్ లోడర్ వచ్చింది. జిప్‌ల్ ఒక చిన్న కెర్నల్‌ను లేపుతుంది, దాని మీద గ్రబ్2 మెనూ వచ్చి అసలు కెర్నల్‌ను కెఎగ్జెక్‌తో (నడుస్తున్న కెర్నల్ నుంచే మరో కెర్నల్‌ను లేపే పద్ధతి) ఎక్కిస్తుంది. ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ మార్చి గ్రబ్2-ఎంకేకాన్ఫిగ్ నడపండి.

ప్రశ్న: మా యంత్రం పాతది. రెడ్ హ్యాట్ 9 ఎక్కుతుందా?

జవాబు: 8కి కనీసం జెడ్13, 9కి కనీసం జెడ్14 కావాలి. ప్రాక్/సీపీయూఇన్ఫోలో మెషిన్ సంఖ్య చూడండి. 2827 అంటే జెడ్‌ఈసీ12, 2964 జెడ్13, 3906 జెడ్14, 8561 జెడ్15. యంత్రం కొత్తదైనా జెడ్/వీఎం క్లస్టర్‌లో ఒక పాత సభ్యుడు ఉంటే, గెస్ట్ ఉన్న రీలొకేషన్ డొమైన్ (గెస్ట్ నడుస్తూనే మారగల సభ్యుల గుంపు) అందరికీ ఉమ్మడిగా ఉన్న సదుపాయాలనే చూపిస్తుంది. అప్పుడు కొత్త కెర్నల్ మొదట్లోనే ఆగిపోతుంది. అప్‌గ్రేడ్‌కు ముందే జెడ్/వీఎం నిర్వాహకులతో ఆ డొమైన్ మార్పించుకోండి.