ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడండి

పాఠకుల ప్రశ్నలకు ఒడిశాలోని జయపురం బైకు షెడ్డు మేస్త్రి సమాధానాలు

ప్రశ్న: మేస్త్రీ గారూ, నమస్కారం. నాకు 36 ఏళ్లు. రాయగడలో మందుల దుకాణం నడుపుతున్నాను. పద్నాలుగేళ్లుగా 350 సీసీ బండి నా దగ్గర ఉంది. ఏటా రెండుసార్లు నేనూ మా ఆవిడా దూర ప్రయాణాలు చేస్తాం. విశాఖపట్నంలో 2018 నాటి కవాసాకి నింజా 1000 అమ్మకానికి ఉందని తెలిసింది. ఒక్కరే వాడారట, 24,000 కిలోమీటర్లు తిరిగిందట. ఆరున్నర లక్షలు చెబుతున్నారు. ఫోటోల్లో కొత్త బండిలా మెరిసిపోతోంది. ఏమేమి చూసుకుని కొనాలి? మన ఘాట్ రోడ్లకు ఇంత పెద్ద బండి పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, రాయగడ

సమాధానం: మీ ఆవిడ కూడా వెనక కూర్చుని వస్తారని రాశారు చూడండి, అది చదివి సంతోషించాను. అలాంటి ప్రయాణాల కోసం పుట్టిన బండే ఇది. రేసు బండి మీద ట్యాంకు మీదికి వాలిపోయి కూర్చోవాలి. దీని మీద నడుము నిటారుగా పెట్టుకుని రోజుకు నాలుగైదు వందల కిలోమీటర్లు హాయిగా వెళ్లవచ్చు. 1043 సీసీ, నాలుగు సిలిండర్లు, 19 లీటర్ల ట్యాంకు. గాలి ఆపే ముందు అద్దాన్ని మూడు వాలుల్లో నిలుపుకోవచ్చు. వెనక మనిషి, సామాను ఎక్కినప్పుడు స్ప్రింగును బిగించుకోవడానికి పానా అక్కర్లేదు, పక్కనున్న గుండ్రటి పిడిని చేత్తో తిప్పితే చాలు. 2017లో దీన్ని మార్చినప్పుడు, మలుపులో బండి ఎంత వాలిందో కొలిచే పరికరాన్ని ఏబీఎస్‌కూ ట్రాక్షన్ కంట్రోల్‌కూ జతచేశారు. బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది ఏబీఎస్, వేగం పెంచినప్పుడు వెనక చక్రం జారకుండా చూసేది ట్రాక్షన్ కంట్రోల్. సాలూరు నుంచి పొట్టంగికి ఎక్కే ఘాట్‌లో వాన పట్టుకున్న రోజున ఆ పరికరం విలువ తెలుస్తుంది. కాబట్టి ఎంచుకున్న రకం మంచిదే. ఇక తేల్చుకోవాల్సింది విశాఖలో ఉన్న ఆ ఒక్క బండి సంగతి.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఫోనులోనే ఉంది. “నేను వచ్చేదాకా ఇంజన్ స్టార్టు చేయకండి” అని యజమానిని గట్టిగా అడగండి. వెళ్లగానే, తాకకుండా, అరచేతి వెనక భాగాన్ని సైలెన్సర్ గొట్టం దగ్గరికి తీసుకెళ్లండి. వేడి తగిలితే ఆ పూటకు బండి చూడకండి. సముద్రం ఒడ్డున కాసేపు తిరిగి సాయంత్రం రండి, లేదంటే మర్నాడు పొద్దున్నే రండి.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. పన్నెండేళ్ల కిందట ఒక పట్నంలో, ఒక వ్యాపారి దగ్గర నాలుగు సిలిండర్ల పాత బండి కొన్నాను. నేను వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంది. ఇప్పుడే కడిగించి తెచ్చామన్నారు, నమ్మాను. మీట నొక్కగానే అందుకుంది, చప్పుడు కూడా మెత్తగా ఉంది. జయపురం తెచ్చుకున్న మర్నాడు, మాఘమాసం చలిలో, తెల్లవారగానే స్టార్టు చేశాను. ఇంజన్ కుడిపక్క నుంచి రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు చప్పుడు వచ్చింది. పది పన్నెండు సెకన్లు వినిపించి, ఇంజన్ కుదురుకోగానే మాయమైంది. లోపల వాల్వులను నడిపించే కామ్ చెయిన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ అరిగిపోయింది. విప్పి చూస్తే గైడు పట్టీ మీద రెండు లోతైన గాడులు, వేలిగోరు దిగేంత. విడిభాగాలు రావడానికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ ఆ ఇంజన్ మా షెడ్డు మూల గోనెపట్టా మీద విప్పి ఉంది. చల్లటి ఇంజన్ మొదటి నిమిషంలో చెప్పేదాన్ని, వేడెక్కాక ఎంత అడిగినా చెప్పదు. నీరసపడిన బ్యాటరీ, స్టార్టు కాగానే వచ్చే నీలిరంగు పొగ, ఇలాంటి చప్పుళ్లు, అన్నీ ఆ నిమిషంలోనే బయటపడతాయి. తెల్లటి ఆవిరి చలి పొద్దుల్లో సహజమే, కాసేపటికి ఆగిపోతుంది. ఆగకుండా వస్తూ తియ్యటి వాసన వేస్తే మాత్రం ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, లోపలికి దిగుతోందన్న మాట. అలాంటి బండిని అక్కడే వదిలేసి వచ్చేయండి.

రెండోది, మెరుపు. ఫోటోల్లో మెరుస్తోందన్నారు. బండిని పైన కప్పే ఫెయిరింగ్ ప్లాస్టిక్కును మార్చవచ్చు, రంగు వేయవచ్చు. నేను చూసే చోటు వేరు. టార్చిలైటు పట్టుకుని బండి ముందు కూర్చోండి. హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, తర్వాత పూర్తిగా కుడికి తిప్పండి. చివరికి వెళ్లినప్పుడు ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కును ఆపే చిన్న దిమ్మ, ఫ్రేము మెడ దగ్గర, బొటనవేలి గోరంత ఉంటుంది. బండి గట్టిగా పడితే హ్యాండిల్ విసురుగా తిరిగి, ముందుగా దెబ్బ తగిలేది దానికే. రెండు పక్కలా ఒకేలా ఉందా, ఒక పక్క నలిగిందా, అక్కడ మాత్రమే కొత్త రంగు పూశారా చూడండి. అమ్మేవాళ్లు ఇంకెక్కడ తుడిచినా ఇక్కడ తుడవరు. నలిగి ఉంటే ఆ బండి ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. ఫ్రేము వంకర పోయిన బండి మీద మీ ఆవిడను కూర్చోబెట్టుకుని ఘాట్ దిగకూడదు. ఈ మాట ఎవరు అడిగినా ఇలాగే చెబుతాను.

ఇక తాళం తిప్పగానే మీటర్లో ఏబీఎస్ దీపం వెలగాలి, బండి కాస్త కదలగానే ఆరిపోవాలి. ఆరకపోతే ఏదో లోపం ఉంది. అసలు వెలగనే వెలగకపోతే మరీ అనుమానించాలి, ఎవరో దాన్ని కావాలనే దాచి ఉంటారు.

టైరు పక్క గోడ మీద చివర నాలుగు అంకెలు చదవండి. 2219 అని ఉంటే 2019లో 22వ వారంలో తయారైందని అర్థం. గాడులు ఎంత లోతుగా కనిపించినా, అయిదారేళ్లు దాటిన రబ్బరు గట్టిపడిపోయి తడిలో పట్టు ఇవ్వదు. ఈ బండికి వెనక 190 వెడల్పు టైరు. మంచి రకం జత ధర ఎంతో కనుక్కోండి. బేరంలో ఆ మొత్తాన్ని ముందే తగ్గించి అడగండి. బ్రేకు డిస్కు మీద కనీస మందం చెక్కి ఉంటుంది, దాన్ని కొలిచి చూడండి. వెనక పళ్ల చక్రం చివరన చెయిన్‌ను వెనక్కి లాగినప్పుడు పంటి నుంచి బాగా పైకి లేస్తే చెయిన్ పని అయిపోయినట్టే. ఫోర్కు గొట్టాల మీద నూనె చెమ్మ, రేడియేటర్ మీద రాళ్లు తగిలి వంగిన రెక్కలు, రిమ్ముల అంచున సొట్టలు, వీటిని చూడటానికి పావుగంట చాలు.

తర్వాత సర్వీసు పుస్తకం, బిల్లులు అడగండి. వాల్వుల సందు ఏ కిలోమీటర్ల దగ్గర చూడాలో బండితో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పని చేయించిన బిల్లు ఉందా? చాలామంది నూనె మారుస్తారు గానీ ఆ పనిని దాటవేస్తారు, ఎందుకంటే ట్యాంకు, ఎయిర్ బాక్సు అన్నీ విప్పాలి, మజూరీ ఎక్కువ. బ్రేకు నూనె రెండేళ్లకోసారి మార్చారా అని కూడా చూడండి. బిల్లులు ఒక ఫైలులో పెట్టుకున్న యజమాని దొరికితే ఇరవై ముప్పై వేలు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

ఫ్రేము మెడ మీద చెక్కిన చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్సీతో సరిపోవాలి. అప్పు మీద కొన్న బండి అయితే ఫైనాన్సు తీరినట్టు ఫారం 35 కావాలి. డబ్బు మొత్తం ఇచ్చేది ఈ కాగితాలు చేతికొచ్చాకే.

ఘాట్ రోడ్ల సంగతి. పనికొస్తుంది, కానీ మీరు బండి నడిపే తీరు మార్చుకోవాలి. దాదాపు 240 కిలోల బండి, పైన ఇద్దరు మనుషులు. పొట్టంగి దగ్గర శీతాకాలం పొద్దుల్లో మంచు అద్దం మీద తెరలా కమ్ముతుంది, మలుపుల్లో లారీల నుంచి జారిన కంకర ఉంటుంది. పాత బండి మీద పద్నాలుగేళ్లలో అలవాటైన మలుపుకు ఈ బండి రెట్టింపు వేగంతో, మీకు తెలియకుండానే చేరుకుంటుంది. మొదటి నెలంతా ఒంటరిగా, పగటిపూట, రాయగడ నుంచి కోరాపుట్ వరకు వెళ్లి రండి. మీ ఆవిడను ఆ తర్వాతే ఎక్కించుకోండి. రాయగడ బజారులో, బస్టాండు దగ్గర ఆగి ఆగి వెళ్లేటప్పుడు ఇంజన్ వేడి తొడలకు తగులుతుంది, రేడియేటర్ ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. అది లోపం కాదు. మందుల దుకాణానికి రోజూ వెళ్లడానికి మాత్రం ఆ 350ని అమ్మకుండా ఉంచుకోండి.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయికి 21 ఏళ్లు. డిగ్రీ అయిపోయింది. హయబుసా సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది, నాన్నను ఒప్పించు అని నన్ను పట్టుకున్నాడు. ఇప్పటిదాకా 125 సీసీ బండి తప్ప వేరే నడపలేదు. ఏం చెప్పాలో తోచడం లేదు.
– ఒక తల్లి, జయపురం

సమాధానం: వద్దని చెప్పండమ్మా. మన దేశంలో గేర్ల బండి లైసెన్సు ఒకటే. 125 సీసీకి ఇచ్చిన కాగితంతోనే 1340 సీసీ హయబుసానూ నడపవచ్చు, చట్టం ఆపదు. కాబట్టి ఆ పని ఇంట్లోవాళ్లే చేయాలి. 1999లో మొదటిసారి వచ్చిన ఆ బండికి, ఆకాశం నుంచి వేట మీదికి దూకే డేగ పేరు జపాను భాషలో పెట్టారు. 260 కిలోలు దాటిన బరువు, ఒక గేరు మారేలోపే మన రోడ్లకు మించిన వేగం. పాతది కాబట్టి చవక అని అబ్బాయి అంటాడు. కొనడం చవకే కావచ్చు, నడపడం, బాగు చేయించడం కొత్తదాని లెక్కే.

పూర్తిగా కాదనకండి, బాబు మనసు విరిగిపోతుంది. 300 నుంచి 400 సీసీ మధ్య, ఏబీఎస్ ఉన్న బండి ఒకటి ఇప్పించండి. రెండేళ్లు, రెండు వానాకాలాలు నడపనివ్వండి. ఒకసారి నా షెడ్డుకు పంపండి. ఇక్కడున్న పెద్ద బండిని ఇంజన్ ఆపి, వాలుగా ఉన్న వాకిట్లో వెనక్కి తొయ్యమంటాను. ఆ బరువు చేతులకు తగిలాక తనంతట తనే ఆలోచిస్తాడు.

ప్రశ్న: ఆంధ్ర నంబరు ఉన్న పాత బండి పది నెలల కిందట కొన్నాను. సంతకాలు పెట్టిన కాగితాలు నా దగ్గరే ఉన్నాయి, పేరు ఇంకా మార్పించలేదు. ఇన్సూరెన్సు పాత యజమాని పేరుమీదే ఉంది. తొందరేమైనా ఉందా?
– ఒక పాఠకుడు, గుణుపురం

సమాధానం: చాలా తొందర ఉంది. కొన్న ముప్పై రోజుల్లోపు మీరు పేరు మార్పుకు దరఖాస్తు పెట్టి ఉండాల్సింది. వేరే రాష్ట్రం బండి ఇక్కడ పన్నెండు నెలలు దాటి ఉంటే కొత్త నంబరు తీసుకోవాలి, మీకు రెండు నెలలే మిగిలాయి. ముందు పాత ఆర్టీఓ దగ్గర ఫారం 28 మీద, బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ తెచ్చుకోండి. చలానాలు బాకీ ఉంటే అక్కడే కట్టించండి. తర్వాత ఇక్కడి ఆర్టీఓలో నంబరు మార్పుకు ఫారం 27, పేరు మార్పుకు 29, 30 ఇవ్వాలి. ఒడిశా పన్ను బండి వయసును బట్టి మళ్లీ కట్టాలి. ఆ రసీదుతో ఆంధ్రలో కట్టిన జీవిత పన్నులో మిగిలిన భాగం వాపసుకు పాత యజమాని చేత దరఖాస్తు పెట్టించండి.

ఇన్సూరెన్సు పేరు మార్పు కొన్న పద్నాలుగు రోజుల్లోపు అడగాల్సింది. ఇప్పుడు బండి ఎక్కడైనా పడితే, మీ సొంత బండి నష్టానికి కంపెనీ డబ్బు ఇవ్వకపోవచ్చు. పాత యజమాని ఫోను నంబరు ఇంకా పనిచేస్తోందా? ఈ ఆదివారమే చేసి చూడండి, ఎన్‌ఓసీకి ఆయనతో పని పడుతుంది. అది తేలేదాకా ఆ బండిని ఇంట్లోంచి తీయకండి.