కంప్యూటర్ నెట్‌వర్క్స్ బట్టీ పట్టకుండా ఎలా చదవాలి?

ఏడు లేయర్ల (నెట్‌వర్క్ పనిని అంచెలుగా విడగొట్టే ఓఎస్ఐ మోడల్) పేర్లు, పోర్టు నంబర్లు అన్నీ నోటికి వచ్చు, కానీ ప్రశ్న కాస్త తిప్పి అడిగితే ఏం రాయాలో తోచట్లేదు, ఈ సబ్జెక్టు ఎలా చదవాలి అని కదా మీరు అడిగారు. నేనూ యూనివర్సిటీలో ఇది చదివి తర్వాత ఇదే పనిలోకి వచ్చాను కాబట్టి సూటిగా చెప్తాను: కొన్నాళ్లు ఆ లేయర్ల పట్టికను పక్కన పెట్టి ప్యాకెట్లను, అంటే నెట్‌వర్క్‌లో ప్రయాణించే డేటా ముక్కలను, చూడండి.

మీ కంప్యూటర్‌కి వచ్చిపోయే ప్యాకెట్లను పట్టి చూపించే వైర్‌షార్క్ ఉచితంగా దొరుకుతుంది. అది ఆన్ చేసి, టెర్మినల్‌లో ఎన్ఎస్‌లుకప్ కమాండ్‌తో ఏదో ఒక సైట్ అడ్రస్ అడగండి. స్క్రీన్ నిండా లైన్లు పరుగెడుతుంటే టెన్షన్ పడొద్దు, ఫిల్టర్‌లో డీఎన్ఎస్ (సైట్ పేరుకి ఐపీ అడ్రస్ చెప్పే వ్యవస్థ) అని కొడితే మీ ప్రశ్న, దానికి వచ్చిన జవాబు తేలిగ్గా దొరుకుతాయి, మామూలుగా యూడీపీ (చేరిందో లేదో చూసుకోకుండా పంపే పద్ధతి) మీద, 53వ పోర్టులో. తర్వాత బ్రౌజర్‌లో అదే సైట్ తెరిచి టీసీపీ (చేరిందని ఖాయం చేసుకుంటూ పంపే పద్ధతి) మొదటి మూడు ప్యాకెట్లు వెతకండి: సిన్ (కనెక్షన్ మొదలుపెడదామా అని), సిన్-అక్, అక్ (అందిందన్న కబురు). (కొన్ని సైట్లు ఇప్పుడు టీసీపీకి బదులు క్విక్ వాడుతున్నాయి, అది యూడీపీ మీద నడుస్తుంది, కాబట్టి ఈ మూడూ కనబడకపోతే ఇంకో సైట్‌తో చూడండి.)

ఆ సిన్ ప్యాకెట్ మీద క్లిక్ చేసి విప్పి చూస్తే ఈథర్‌నెట్ హెడర్, దాని వెనక ఐపీ, దాని వెనక టీసీపీ వరసగా ఉంటాయి. గమ్యం ఐపీ అడ్రస్ ఆ సర్వర్‌ది, గమ్యం మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు అడ్రస్) మాత్రం మీ రౌటర్‌ది! నాకు ఈ సబ్జెక్టు పట్టుబడింది అక్కడే. మ్యాక్ అడ్రస్ పక్క మజిలీ వరకే పనికొస్తుంది, ప్రతి రౌటర్ దగ్గరా పాత ఫ్రేమ్ ఊడదీసి కొత్తది తొడుగుతారు, నాట్ (రౌటర్ దారిలో ఐపీ అడ్రస్ మార్చడం) సంగతి అలా ఉంచితే ఐపీ అడ్రస్‌లు మాత్రం చివరిదాకా అవే. ఇది కళ్లతో చూశాక ఐపీ అడ్రస్‌ని బట్టి మ్యాక్ అడ్రస్ కనుక్కునే ఏఆర్‌పీ ఎందుకుందో వేరే చెప్పక్కర్లేదు.

హెడర్‌లో ప్రతి ఫీల్డ్‌కీ ఇది లేకపోతే ఏమవుతుంది అని అడగండి. టీటీఎల్ తీసుకోండి, ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటొచ్చో చెప్పే అంకె అది. రౌటింగ్‌లో ఎక్కడో లూప్ పడితే ప్యాకెట్ అలా తిరుగుతూనే ఉంటుంది, అందుకే ప్రతి రౌటర్ ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయితే పారేసి, పంపినవాళ్లకి ఐసీఎంపీతో (నెట్‌వర్క్ తప్పులు తెలిపే ప్రోటోకాల్) కబురు పంపుతుంది. దారిలోని రౌటర్లను చూపే ట్రేస్‌రూట్ కమాండ్ చేసేదల్లా 1, 2, 3 అంటూ టీటీఎల్ పెంచుకుంటూ ఆ కబుర్లు ఏరుకోవడమే.

లెక్కలు వదలొద్దు, అవే అసలు చదువు. విండో (అక్ రాకముందు పంపగలిగే డేటా) 65,535 బైట్లు, రౌండ్ ట్రిప్ (వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం) 100 మిల్లీసెకన్లు అనుకోండి. ఒక రౌండ్ ట్రిప్‌లో అంతకన్నా ఎక్కువ పంపలేరు కాబట్టి లింక్ 1 జీబీపీఎస్ ఉన్నా మీకు వచ్చేది సుమారు 5.24 ఎంబీపీఎస్. విండోని ఇంకా పెంచే విండో స్కేలింగ్ ఎందుకొచ్చిందో ఈ ఒక్క లెక్క చెప్పేస్తుంది. కంజెషన్ కంట్రోల్ (నెట్‌వర్క్ రద్దీని అదుపు చేయడం) చదివేముందు 1986లో ఏం జరిగిందో తెలుసుకోండి: లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ, కేవలం 400 గజాల దూరంలో ఉన్న బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య స్పీడు సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. దాని మీద పనిచేసిన వాన్ జాకబ్సన్ 1988లో రాసిన పేపర్‌లోనే స్లో స్టార్ట్ (తక్కువతో మొదలుపెట్టి పంపే వేగం పెంచుకుంటూ పోవడం) ఉంటుంది. నెట్‌వర్క్ నిండిపోతుంటే అందరూ పోయిన ప్యాకెట్లు మళ్లీ మళ్లీ తోస్తే ఎలా ఉంటుందో ఊహించుకుంటే పుస్తకాల్లో పంపే వేగం గ్రాఫ్ ఎందుకలా పైకెక్కి కింద పడుతుందో అర్థమవుతుంది.

సబ్‌నెట్టింగ్, అంటే అడ్రస్‌లను గుంపులుగా విడగొట్టడం, చేతి అలవాటు, అంతే. 192.168.1.130కి /26 (మొదటి 26 బిట్లు నెట్‌వర్క్‌కి) అంటే 64 అడ్రస్‌ల గుంపు, నెట్‌వర్క్ 128 దగ్గర మొదలవుతుంది, మొదటిదీ చివరిదీ పోను వాడుకోదగ్గవి 62. బిట్లు రాసుకుని రోజూ కొన్ని చేయండి, ఆన్‌లైన్ కాలిక్యులేటర్ జోలికి పోకండి.

ఇక వీలైతే పైథాన్‌లో యూడీపీ సాకెట్‌తో చిన్న ప్రోగ్రామ్ రాసి, కావాలనే కొన్ని ప్యాకెట్లు పారేయండి. అక్ పెడతారు, టైమర్ పెడతారు, బాగానే నడుస్తున్నట్టు ఉంటుంది, ఇంతలో అక్ పోయి అదే మెసేజ్ అవతలికి రెండోసారి చేరుతుంది. సీక్వెన్స్ నంబర్ పెట్టక తప్పదని అప్పుడు మీ కోడే చెప్తుంది.