ఈ గుట్టు ఎవరి కోసమమ్మా?

ప్రశ్న: గాజువాక దగ్గర అద్దె ఇంట్లో ఉంటున్నాం. మావారు కాంట్రాక్టు కార్మికుడు. ఇద్దరు పిల్లలు, షుగరు, బీపీ ఉన్న అత్తగారు. కొళాయి నీళ్ల కోసం చీకటితోనే లేస్తాను. రాని రోజు టిన్నులు కొంటాను. నెలకోసారి అత్తగారిని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళితే ఓపీ చీటీకి, డాక్టరుకు, మందులకు వరుసల్లో నిలబడేసరికి మధ్యాహ్నమవుతుంది. అక్కడ లేని మందులు బయట కొనాలి. మావారు మూడేళ్లుగా అదే 14,000 రూపాయలు చేతిలో పెట్టి ‘సర్దుకో’ అంటారు. చాలక, ఆయనకు తెలియకుండా గాజులు తాకట్టు పెట్టాను. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. గుండె దడ. పిల్లల మీద చెయ్యి చేసుకుంటున్నాను. ఒక్కోసారి తెల్లారకపోతే బాగుండుననిపిస్తోంది. నాకే చేతకావడం లేదేమో. నర్సీపట్నం వైపున్న మా పుట్టింటి ఊరికి మకాం మార్చేయమంటారా?

జవాబు: మకాం సంగతి ఇప్పుడు వద్దమ్మా. ఊరు మారినా గాజుల రసీదు మీ పెట్టెలోనే ఉంటుంది.

‘తెల్లారకపోతే బాగుండు’ అన్న మాటను మీరు మామూలుగా రాసేశారు కానీ, నేను మామూలుగా చదవలేకపోయాను. ఈ రోజే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ. ఉచితం, ఏ వేళనైనా తెలుగులో మాట్లాడతారు. ఆ తరువాత చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్లండి. మన ఊళ్లో దాన్ని ఇప్పటికీ ‘పిచ్చాసుపత్రి’ అనే వాళ్లున్నారు, అననివ్వండి. నిద్ర లేకపోవడానికీ, గుండె దడకూ అక్కడ వైద్యం ఉంది. దారి ఖర్చు సాకు చెప్పకండి, 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం.

ఇక చేతకావడం గురించి. ఏలేరు కాలువ నీటిని నగరమూ పరిశ్రమలూ పంచుకునే ఊళ్లో మీ కొళాయి రాకపోవడానికి, ఆసుపత్రి మందుల గదిలో మాత్రలు లేకపోవడానికి మీ చేతకానితనం ఎలా కారణమవుతుంది? బయట లోటు ఉంది, నిజమే. అయితే మిమ్మల్ని రెండింటికి లేపి కూర్చోబెడుతున్నది ఆ లోటు కాదు, దాన్ని మీ భర్తకు తెలియనివ్వకుండా మీరొక్కరే పూడుస్తూ రావడం. మీ కరెంటు బిల్లులో ఇంధన సర్దుబాటు ఛార్జీ అని ఒక వరుస ఉంటుంది, చూసే ఉంటారు. విద్యుత్తు కొన్న ఖర్చు పెరిగితే ఆ తేడాను వాడుకున్నవాళ్లందరి మీదా వేస్తారు. మీ ఇంట్లో పెరిగిన తేడా అంతా మీ చేతి గాజుల మీద మాత్రమే పడింది. పిల్లలను కొడుతున్నది కూడా ఆయనను అడగలేని కోపంతోనేనని నా అనుమానం.

ఆయన దుర్మార్గుడని నేననను. జీతం పెరగని మనిషి ఇంట్లో ధరల మాట ఎత్తడానికి జంకుతాడు, ఎత్తితే తెచ్చేది చాలడం లేదని తానే ఒప్పుకోవాలి కనుక. ‘సర్దుకో’ అనడం ఆ జంకుకు తేలిక దారి, దానికి మీ మౌనం తోడైంది. దాచుకుని ఇల్లు నడపడాన్ని మన పెద్దవాళ్లు గుట్టు అని మెచ్చుకున్నారు. బయటివాళ్ల ముందు అది మర్యాదే కావచ్చు గానీ, కట్టుకున్నవాడి దగ్గర కూడా గుట్టేమిటి? భర్త పరువు కాపాడడం భార్య బాధ్యతే అనుకున్నా, అందుకోసం ఆయనకు ఇంటి స్థితి తెలియకుండా చేయడాన్ని బాధ్యత అని నేను ఒప్పుకోను.

ఈ ఆదివారం రైతుబజారుకు సంచి ఆయన చేతికిచ్చి పంపండి. వచ్చే నెల తల్లిని ఆసుపత్రికి ఆయననే తీసుకెళ్లమనండి. ఒకరోజు కూలి పోతుందంటారు, పోనివ్వండి. మూడేళ్లుగా మీ రోజుకు ఇంట్లో ఎవరూ లెక్క కట్టలేదు. అవి జరిగే వరకూ ఆగకుండా, ఈ రాత్రే పిల్లలు పడుకున్నాక తాకట్టు రసీదు ఆయన ముందు పెట్టండి. ఏడవడానికి సిగ్గుపడకండి, క్షమాపణ మాత్రం చెప్పకండి. ఆయన మొదట కోప్పడవచ్చు. మాట్లాడేటప్పుడు మీ అత్తగారిని పక్క గదిలోకి పంపకండి, తన మందులకు ఎవరి గాజులు వెళ్లాయో ఆవిడ కూడా విననివ్వండి.