దొంగ వేషం కట్టేవారి ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో రోగ్ అనే దొంగ పాత్ర గురించే. బల్ల చుట్టూ కూర్చుని, డైస్ వేస్తూ పాత్రలుగా ఆడే ఆట ఇది. లెక్కలన్నీ 2014 నాటి అయిదో ఎడిషన్‌వి. 2024 పుస్తకంతో తేడా వచ్చేచోట ఆ మాట విడిగా చెప్పాం.

ప్ర: నా రోగ్ రెండో లెవెల్. ప్రతి వంతులోనూ దాక్కోవడానికే చూస్తున్నా. చెట్టూ పుట్టా లేని మైదానంలో పోరు వస్తే స్నీక్ అటాక్ (రోగ్ దెబ్బకు కలిసే అదనపు డ్యామేజ్) ఒక్కటీ పడటం లేదు. ఎక్కడ తప్పుతున్నా? – ఒక పాఠకుడు, విజయవాడ

జ: పేరు చూసి మోసపోయారు. దాక్కోమని రూల్ ఎక్కడా అనలేదు. చేతిలో బాకు, షార్ట్‌సోర్డ్, రేపియర్ లాంటి ఫినెస్ (బలం కన్నా చురుకుతో వాడగల) ఆయుధమో, విల్లో ఉండాలి. దెబ్బకు అడ్వాంటేజ్ (డైస్ రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవడం) ఉంటే సరే. లేకపోయినా, మీరు కొట్టబోయేవాడికి అయిదడుగుల లోపు వాడి శత్రువు ఇంకొకరు సోయిలో ఉండి, మీకు డిసడ్వాంటేజ్ (రెండిట్లో చిన్న అంకె తీసుకోవడం) లేకపోతే చాలు. రోజువారీ కూడు పెట్టేది ఈ రెండో దారే. మీ జట్టులోని ఫైటర్ (యోధుడు) ఎవడి మీద పడితే మీరూ వాడి మీదే పడండి. ఎక్కడో ఒంటరిగా నిలబడ్డ విలుకాణ్ణి ఎంచుకుంటే ఆ అదనపు డీ6 (ఆరు ముఖాల డైస్) గాల్లో కలిసినట్టే.

ఫైటర్ కన్నా ముందే మీ వంతు వస్తే రెడీ యాక్షన్ వాడండి: "మావాడు వాడి పక్కకు చేరగానే బాణం వేస్తా" అని చెప్పి ఆగండి. దానికి మీ రియాక్షన్ (ఇతరుల వంతులో చేయగల ఒక్క పని) ఖర్చవుతుంది, అంతే. షార్ట్‌బో 80 అడుగులు దాటినా, శత్రువు మీ పక్కనే ఉండగా విల్లు ఎక్కుపెట్టినా డిసడ్వాంటేజ్, దాంతో స్నీక్ అటాక్ హుష్‌కాకి. చాలామంది జారిపడేది ఇక్కడే.

దగ్గరగా పోరాడితే రెండు షార్ట్‌సోర్డ్‌లు పట్టండి. మొదటిది తగిలితే బోనస్ యాక్షన్‌తో (వంతులో దొరికే అదనపు చిన్న పనితో) డిసెంగేజ్ చేసి, అంటే ఎదురుదెబ్బ తగలకుండా తప్పుకుని, వెనక్కి వచ్చేయండి. తప్పితే అదే బోనస్ యాక్షన్‌ను రెండో కత్తికి వాడండి. డ్యామేజ్‌లో డెక్స్‌టెరిటీ (చురుకుదనం) బోనస్ కలవకపోయినా స్నీక్ అటాక్‌కు ఇంకో అవకాశం దొరుకుతుంది. అయితే తప్పిన రోజు మీరు అక్కడే ఇరుక్కుంటారు. కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) 14 ఉన్న రెండో లెవెల్ రోగ్‌కు 17 హిట్ పాయింట్లు (ప్రాణం), ఓగ్రు అనే రాక్షసుడి దుడ్డుకర్ర దెబ్బ సగటున 13. రెండు దెబ్బలకు సరి.

మరో మాట. స్నీక్ అటాక్ వంతుకొకసారి, రౌండుకొకసారి కాదు. పారిపోయేవాణ్ణి ఇంకొకరి వంతులో ఆపర్చునిటీ అటాక్‌తో కొడితే, షరతులు కుదిరినప్పుడు మళ్లీ పడుతుంది.

2024 పుస్తకంలో మూడో లెవెల్ నుంచి స్టెడీ ఎయిమ్ ఉంది: కదలకుండా ఉండి బోనస్ యాక్షన్ ఇస్తే అడ్వాంటేజ్.

ప్ర: తాళం తీయడానికి మా డీఎం (ఆట నడిపే డంజన్ మాస్టర్) ఎన్నిసార్లయినా డైస్ వేయనిస్తాడు. చివరికి తెరుచుకుంటుంది, మజా ఉండదు. పెట్టెలో విషపు సూది మాత్రం ప్రతిసారీ నాకే గుచ్చుకుంటుంది. – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జ: మామూలు తాళానికి డీసీ (డైస్‌తో అందుకోవాల్సిన అంకె) 15. మొదటి లెవెల్లో డెక్స్‌టెరిటీ 16కు +3, దొంగ పనిముట్లలో ఎక్స్‌పర్టైజ్ (రెట్టింపు నైపుణ్యం) ఉంటే +4, వెరసి +7. డీ20 (ఇరవై ముఖాల డైస్) మీద 8 పడితే చాలు, అంటే 65 శాతం. ప్రొఫిషెన్సీ (మామూలు నైపుణ్యం) మాత్రమే ఉంటే 55. 2024 పుస్తకంలో తాళానికి స్లైట్ ఆఫ్ హ్యాండ్ (హస్తలాఘవం) వేస్తారు కాబట్టి ఎక్స్‌పర్టైజ్ దాంట్లో తీసుకోండి.

తరిమేవాడు లేనప్పుడు అసలు డైస్ దేనికి? మామూలుగా పట్టే సమయానికి పదింతలు తీసుకుంటే పని అయిపోయినట్టేనని 2014 డంజన్ మాస్టర్స్ గైడ్‌లోనే ఉంది. మీ డీఎంకు ఒకటి చెప్పి చూడండి: ప్రయత్నానికి ఒక నిమిషం, కావలివాడు మూడు నిమిషాలకోసారి ఇటు వస్తాడు. రెండోసారి తప్పేసరికి బల్ల చుట్టూ ఎవరూ మాట్లాడరు.

సూది సంగతి వేరు. దాన్ని కనిపెట్టేది వేళ్లు కాదు, బుర్ర: ఇంటెలిజెన్స్‌తో ఇన్వెస్టిగేషన్, డీసీ 20. రోగ్‌లకు ఇంటెలిజెన్స్ 8తో సరిపెట్టడం అలవాటు. నైపుణ్యం ఉన్నా మొత్తం +1, పదిసార్లలో ఒక్కసారి దొరుకుతుంది. ఇంటెలిజెన్స్ 16 ఉండి ఆ నైపుణ్యం ఉన్న విజర్డ్‌కు (మాంత్రికుడికి) +5, అంటే 30 శాతం. మీరు పక్కన కూర్చుని హెల్ప్ చేస్తే ఆయనకు అడ్వాంటేజ్ వచ్చి 51 శాతం. వెతకడం ఆయనకు వదిలి, దొరికాక డీసీ 15తో తీసేయడం మీరు చేయండి. గుచ్చుకుంటే సగటున 11 విషపు డ్యామేజ్. మొదటి లెవెల్ రోగ్ ప్రాణం ఇంచుమించు అంతే.

ప్ర: ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నా రోగ్ తన జట్టువాళ్ల సంచుల్లోనే చెయ్యి పెడతాడు. అది పాత్ర స్వభావం. మావాళ్లకు కోపం వస్తోంది. – ఒక పాఠకుడు, వరంగల్

జ: రావాలి కూడా. ఆ స్వభావం రాసిపెట్టింది మీరే కదా! మొదటి జవాబు చూడండి, పక్కన మనిషి నిలబడకపోతే మీ కత్తికి పదునే లేదు. ఆ మనిషి సంచే కోస్తామంటే ఎలా? అందరూ ముందే సరేనంటే ఆడండి, డైస్ మాత్రం అందరి ముందూ వేయండి. డీఎంకు చాటుగా చీటీలు పంపడం మాకు నచ్చదు. దురద తీరకపోతే పోరుకు ముందు కావలివాడి నడుముకున్న తాళంచెవుల గుత్తి మీద చెయ్యి వేయండి. మీ స్లైట్ ఆఫ్ హ్యాండ్‌కు ఎదురు అతని పాసివ్ పర్సెప్షన్ (డైస్ వేయకుండానే లెక్కించే గమనింపు అంకె).

ప్ర: దొంగల భాషను బల్ల దగ్గర ఎలా పలకాలి? మేం చిన్నప్పటి "క" భాష వాడుతున్నాం. – ఒక పాఠకురాలు, డల్లాస్

జ: సరదాగానే ఉంటుంది గానీ, "క" భాష వినగానే ఏదో దాస్తున్నారని ఎదుటివాడికి తెలిసిపోతుంది. థీవ్స్ క్యాంట్, అంటే ఈ దొంగల భాష, మామూలు మాటల్లోనే ఒదిగిపోవాలి. "మా అత్తగారింట్లో కుక్క చచ్చింది" అంటే వెనక గుమ్మం దగ్గర కాపలా లేదని. నేరుగా చెప్పేదానికి నాలుగింతల సమయం పడుతుందని రూల్, కాబట్టి పోరు మధ్యలో పనికిరాదు. మీ జట్టుకు నాలుగైదు సంకేతాలు కాగితం మీద రాసిపెట్టుకోండి. అంతకన్నా ఎక్కువైతే ఎవరికీ గుర్తుండవు.

ప్ర: 1978 నాటి పాత రూల్ పుస్తకంతో ఆడబోతున్నాం. దొంగ ఏమీ చేయలేడంటున్నారు, నిజమేనా? – ఒక పాఠకుడు, బెంగళూరు

జ: అంకెలు చూస్తే అలాగే ఉంటుంది. మొదటి లెవెల్లో తాళం తీయడానికి 25 శాతం, నీడలో దాక్కోవడానికి 10. గోడ ఎక్కడానికి మాత్రం 85. కాబట్టి తలుపు వదిలేసి కిటికీ చూసుకోండి, పైకెక్కి మిగతావాళ్లకు తాడు వదలండి.