కరవు మీద చదువు, కడుపు నింపుతుందా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె, వేరుశనగ సాగు. అమ్మాయి అనంతపురంలో బీఎస్సీ బయోకెమిస్ట్రీ చివరి సంవత్సరం. ఎండ, కరవు మొక్కల జీవక్రియలను ఎలా మారుస్తాయో పైచదువుల్లో చదువుతానంటోంది. బంధువులు బీఈడీ చేయించమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఎమ్మెస్సీకే పంపండి. బీఈడీ ఎక్కడికీ పోదు, ఆ తర్వాతయినా చేయవచ్చు.

మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది మీ చేలో ఏటా జరిగేదే. నేలలో తేమ తగ్గగానే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరిగి పత్రరంధ్రాలు మూసుకుంటాయి. నీరు ఆదా అవుతుంది కానీ కార్బన్ డయాక్సైడ్ అందక కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది. అదే సమయంలో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసే ఎంజైము జోరందుకుంటుంది, దాన్ని విచ్ఛిన్నం చేసే ఎంజైము వెనక్కి తగ్గుతుంది. వాన పడిందా, రెండూ తారుమారు! కాయ ఊరే దశలో వాన మొహం చాటేస్తే నష్టం దిగుబడితో ఆగదు. ఎండిపోతున్న గింజ తనను కాపాడుకునే రసాయనాలను తయారుచేసుకోలేదు. వేడెక్కిన నేలలోని యాస్పర్జిల్లస్ ఫ్లేవస్ బూజు చొరబడి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని నింపుతుంది. నేరుగా తినే వేరుశనగలో ఐరోపా సమాఖ్య ఒప్పుకునే మొత్తం అఫ్లటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములే. అంత సూక్ష్మంగా కొలవగలిగినవాళ్లకు ఆహార పరీక్షల ల్యాబుల్లో పని ఉంటుంది.

నన్నడిగితే అంతకంటే పెద్ద దారి ఫెర్మెంటేషన్, అంటే సూక్ష్మజీవులను పెంచి వాటితో పనికొచ్చే పదార్థాలు తయారుచేయించడం. చక్కెర కొద్దికొద్దిగా ఇస్తూ గాలి బాగా అందిస్తే ఈస్ట్ పెరుగుతుంది, గాలి ఆపితే అదే చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. మందులు, టీకాలు, ఎంజైముల కంపెనీల్లో ఉష్ణోగ్రత, ఆమ్లత్వం, ఆక్సిజన్‌లను గమనిస్తూ సూక్ష్మజీవులతో కావలసింది చేయించడమే ఉద్యోగం. మొక్కల మీద మొదలైన ఆసక్తి ఇక్కడ వృథా పోదు.

ప్రవేశాల సంగతి: శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ రాయాలి. పరిశోధనే లక్ష్యమైతే ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ సాధించాలి. ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, కనుక పీహెచ్‌డీ భారం మీ మీద పడదు. అయితే ఆ చదువుకు నాలుగైదేళ్లు పడుతుందని ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ఒట్టి పట్టా చూసి ఎవరూ మంచి జీతం ఇవ్వరు, ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద చేయి తిరిగిందా అని అడుగుతారు. సీటు ఖరారు చేసుకునే ముందు ఆ విభాగానికి వెళ్లి, యంత్రం నడుస్తోందా, విద్యార్థులను ముట్టుకోనిస్తారా అని సీనియర్లను అడగమనండి. లక్షలు పోసి కొని ముసుగైనా తీయని కాలేజీలూ ఉన్నాయి.